తనంతట తానే లేచే పెట్టె

2003 జులై 6, ఆదివారం

తమిళంలో రాస్తే చిన్నతాయి చదువుతుంది. చదివి ఏడుస్తుంది, లేకపోతే తిడుతుంది. పెళ్లయిన నాటినుంచి నా భార్యకు ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. కోవిల్‌పట్టిలో మావాళ్లందరం మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం. నాకు మాత్రం ఈ అక్షరాలు లారీ నేర్పింది. గుంటూరు నుంచి విరుదునగర్‌కు మిరపకాయలు తోలినన్నాళ్లూ దారి పొడవునా బోర్డులు కూడబలుక్కున్నాను. లోడు దొరకని రోజుల్లో యార్డు బయట చాపేసుకుని పాత వారపత్రికలు చదివాను. కాలు విరిగి లారీ దిగాను. అక్షరాలు మిగిలాయి.

మా అమ్మాయి జోతి ఈరోజు కూడా గోడవైపు తిరిగి పడుకుంది.

అల్లుడు ముత్తుకృష్ణన్ మార్చిలో తాంబరం దగ్గర బైకు మీద పోయాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి రెండుసార్లు లేచి నీళ్లు తాగొచ్చాను.

జులై 9, బుధవారం

విరుదునగర్ మిరపకాయల మండీలో దామోదరసామి షావుకారు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన లారీ తోలినవాణ్ణే ఇప్పుడు ఆయన గోదాముకు కాపలా. తలుపు వేశాడంటే నా అల్లరి గురించేనని భయపడ్డాను. మొన్న గుమాస్తా మునియాండి గొడుగును కాటాకు తగిలించి, బరువు చీటీ రాసి అతని బల్ల మీద పెట్టాను. అది కాదు. అల్లుడి ప్రోగ్రాం గురించి.

ఏ రైతు సరుకు ఎన్ని బస్తాలు వచ్చింది, ఏ ధరకు పోయింది, అన్నీ మండీలో ఏ కంప్యూటర్లో చూసినా కనిపించేట్టు చేసిస్తానని అల్లుడు మాటిచ్చాడు. వాడూ జోతీ చెన్నైలో సాయంత్రాలు కూర్చుని రాశారు. రాయడం అయిపోయింది. దాన్ని నడిపే పెట్టె షావుకారు కొని తెచ్చాడు. అది అట్టడబ్బాలోంచి బయటికి రాకముందే వాడు పోయాడు.

మదురై నుంచి ఎవర్నైనా పిలుచుకుంటానని, పాపను ఇబ్బంది పెట్టొద్దని షావుకారు అన్నాడు. మంచి మనిషి. నేను ఆ పెట్టె మా ఇంటికి ఇమ్మన్నాను, నేనే బిగిస్తానన్నాను. నీకేం తెలుసన్నాడు. ఒంగోలు ఘాటు బ్రేకుల్లేకుండా దింపానని చెప్పాను. ఒంగోలు దగ్గర ఘాటు లేదని ఆయనకు తెలియదు.

జులై 13, ఆదివారం

పెట్టెను కావాలనే హాల్లో, జోతి పడుకున్న చాప దగ్గర పెట్టాను. పెట్టెలో అన్నిటికంటే ముందు ఎక్కించాల్సిన లైనక్సు సీడీలు మూడు. జోతి ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ బడిపిల్లాడిలా గట్టిగా చదువుతూ కొట్టాను. నెక్స్ట్ అన్నచోటల్లా నెక్స్ట్ నొక్కితే లైనక్సు దానంతటదే ఎక్కింది. నాకు నిరాశగా ఉంది. జోతి ఇటు తిరగాలంటే ఏదో ఒకటి చెడాలి కదా.

తిరగలేదు.

జులై 16

ఇవాళా తిరగలేదు. చిన్నతాయి పెట్టెను బయట పారేస్తానంటోంది.

జులై 20, ఆదివారం

ఈ రోజు రాసుకోవాలి.

జావాను ఎక్కించే పని. అల్లుడి సీడీలోనే ఉంది. దాని ముందు వాలుగీత పెట్టి పేరు కొట్టాలి; కీబోర్డు మీద అటు వాలేదొకటి, ఇటు వాలేదొకటి ఉన్నాయి. ఏ గీతో నాకు తెలుసు, పుస్తకంలో బొమ్మలా ఉంది. అయినా రెండోదే కొట్టాను. రాదని చెప్పింది. మళ్లీ అదే కొట్టాను. మళ్లీ రాదని చెప్పింది. ఈ లైనక్సు కట్టినవాడి తాతముత్తాతల్ని తలచుకుని, మళ్లీ అదే కొట్టాను. చిన్నతాయి వంటింటి గుమ్మంలో గరిటతో నిలబడి, ఈ మనిషికి పూర్తిగా పోయిందన్నట్టు చూస్తోంది.

అప్పుడు గోడవైపు నుంచి మాట వచ్చింది.

"నైనా. ఆ గీత కాదు. ఇటుపక్కకు వాలేది."

వెనక్కి తిరగొద్దని నాకు నేనే చెప్పుకున్నాను. చిన్నతాయికి చేత్తో సైగ చేశాను, కదలొద్దని. ఏ పక్కకని అడిగాను. జోతి లేచి కూర్చుంది. మార్చి తర్వాత అడక్కుండా మాట్లాడిన మొదటి మాట అది. దాని మాటలో విసుగు ఎంత బాగుందో. పోయిందనుకున్నదంతా ఆ విసుగులో ఉంది.

జులై 21, సోమవారం

నా వెనక స్టూలు మీద కూర్చుంటోంది. కీబోర్డు ముట్టుకోదు, చెబుతుంది. నేను కొడతాను. నా తప్పులు కొన్ని నిజమైనవి.

నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. లైనక్సు రోడ్డు లాంటిదట. జావా ఇంజను. టామ్‌క్యాట్ అనేది మా మునియాండి లాంటిదట, వాకిట్లో కూర్చుని ఎవరు ఏమడిగినా లోపలికెళ్లి తెచ్చిచ్చేది. మునియాండి కంటే త్వరగా తెస్తుందా అన్నాను. అది టీకి వెళ్లదంది.

టామ్‌క్యాట్‌ను విప్పి ఒక చోట పెట్టాం. లేపితే లేవలేదు. జావా ఇల్లు ఎక్కడుందో దానికి ఒక ఫైల్లో రాసి చెప్పాలట. నేను చెప్పలేదు.

"ఇల్లు యాడుండాదో తెలియందే అది ఎట్ల లేస్తాది నైనా," అంది.

అని, తనే లేచి వెళ్లి తలంటుకుంది. నేను పుస్తకం మూశాను.

జులై 27, ఆదివారం

లేచింది. తెర మీద అడ్రసు కొట్టి చివర ఎనభై ఎనభై అని పెడితే టామ్‌క్యాట్ గుర్తు, పిల్లి బొమ్మ వచ్చింది. చిన్నతాయి కాఫీ తెస్తూ చూసి, పొద్దున్నే ఎదురుగా పిల్లి మొహమా, శుభమా ఇది అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. జోతి నవ్వలేదు గానీ నవ్వబోయింది. నేను చూశాను.

తర్వాత వాళ్లిద్దరూ రాసిన ప్రోగ్రాంను దాని ఫోల్డర్లో పడేశాం. అదే విప్పుకుంటుందట. దాన్ని చూడాలంటే అడ్రసు చివర ఇంకో పేరు కొట్టాలి. ఏం పేరని అడిగాను. జోతి చెప్పలేదు. ఫోల్డర్లో చూసుకున్నాను.

jothi అని ఉంది.

అల్లుడు పెట్టింది. జోతికి ముందే తెలుసు. ఆ పేరు కొట్టలేకే ఇన్నాళ్లూ నన్ను కొట్టించింది. నేనే కొట్టాను. మెల్లగా, తప్పు లేకుండా.

ఆగస్టు 11, సోమవారం

పెట్టెను పాసింజరు రైల్లో తీసుకెళ్లాం. జోతి దాన్ని లగేజీ బల్ల మీద పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. సాత్తూరులో వెళ్లరి దోసకాయలు కొనిచ్చాను. ఉప్పు కారం అద్దుకుని రెండు తింది.

మండీలో వెనకగదిలో పెట్టి తీగలు కలిపింది. ముందు బల్ల మీద మునియాండి ఒంటివేలితో అడ్రసు కొట్టాడు. జె వెతికాడు. ఓ వెతికాడు. కోడి గింజలేరినట్టు. ఇక రోజూ పొద్దున అతని వేలు నా కూతురి పేరు వెతుక్కుంటుంది. అల్లుడు దీన్ని చూసి ఉంటే ఎంత ఏడిపించేవాడో దాన్ని.

లోపల పిల్లి ఉందని, శుక్రవారం పాలు పెట్టాలని మునియాండికి చెప్పాను.

ఆగస్టు 15, శుక్రవారం

పెట్టాడు. గ్లాసుతో. జోతి అందరి ముందూ పగలబడి నవ్వింది. నవ్వి, అలా నవ్వినందుకు చుట్టూ చూసి, నోరు మూసుకుంది. షావుకారు తల తిప్పుకుని మిరపకాయల్ని చూశాడు.

ఆగస్టు 28

పనైపోయింది కాబట్టి ఇక రానంది. మళ్లీ చాప పరిచింది.

ఆగస్టు 29, శుక్రవారం

వెనకగదిలో తీగ ఒకటి వదులైంది. ఎలా వదులైందో. షావుకారు ఫోన్ చేశాడు, జోతి వచ్చింది.

సెప్టెంబర్ 5

ఊరికే, సరదాకి. స్విచ్చి కట్టేశాను. వచ్చింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఈసారి బాగా చేశాను. కాన్ఫ్ అనే ఫోల్డర్లో సర్వర్ ఫైలు తెరిచి 8080 ని 8081 చేశాను. పెట్టె లేచే ఉంది, ఎవరికీ పలకడం లేదు. మండీ అంతా అల్లకల్లోలం. జోతి వచ్చి, ఏం జరిగిందో టామ్‌క్యాట్ రాసిపెట్టుకునే లాగ్ ఫైలు చదివింది. చదువుతున్నప్పుడు దాని కనుబొమలు అల్లుడి కనుబొమల్లా కలిశాయి. కలిసి బతికితే అవి కూడా వస్తాయి కాబోలు.

ఎవరో చేతులు పెట్టినారు అంది, నన్ను చూస్తూ. నేను మునియాండిని చూశాను. మునియాండి పాపం పాల గ్లాసును చూశాడు.

షావుకారు వెనకగది తాళంచెవి జోతికే ఇచ్చాడు. రోజూ రమ్మన్నాడు, ధనియాల బేరం కూడా ఎక్కించమన్నాడు. ఒప్పుకుంది. చిన్నతాయి జోతి పచ్చ చీర ఒకటి తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

నా అల్లరి నా కూతుర్ని లేపింది. ఇది రాసుకుంటున్నాను, ఎవరూ చెప్పరు కనక.

సెప్టెంబర్ 30

ఆయుధపూజకు మండీ కడుగుతున్నారు. ఆ రోజు కాటాలు, లారీలు, కంప్యూటర్లు అన్నీ ఆపేసి, గంధం కుంకుమ పెట్టి, మర్నాడు మంచి ఘడియలో మళ్లీ నడపడం ఇక్కడి అలవాటు. మునియాండి పెట్టె తీగ లాగేస్తాడేమోనని జోతికి ఒకటే దిగులు. ముందు టామ్‌క్యాట్‌ను ఆపాలి, తర్వాత లైనక్సును ఆపాలి, ఆఖర్న కరెంటు.

"మీరెవరూ ముట్టొద్దు. నేనే వొచ్చి పండబెడతా," అంది. పసిపిల్ల గురించి చెప్పినట్టు.

అక్టోబర్ 4, శనివారం

పూజ బాగా జరిగింది. బొరుగులు, శనగలు, అరటిపళ్లు. లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. జోతికి తలనొప్పట. ముందు బస్సుకే ఇంటికి వెళ్లిపోయింది.

అక్టోబర్ 5, ఆదివారం

ఆ వెనకగది వాకిలి ఇరుకు. ఇద్దరు పట్టరు. అందుకే జోతితో అలా అన్నాను. ఇరుకని అందరికీ తెలుసు.

అక్టోబర్ 6, సోమవారం

కరెంటు ఇస్తే లైనక్సు లేచింది, టామ్‌క్యాట్ లేవలేదు. దాన్ని చేత్తో లేపాలి. మునియాండి jothi కొట్టి కొట్టి అలిసిపోయాడు. షావుకారు ఇంటికి ఫోన్ చేశాడు. జోతి తీయలేదు. గోడవైపు తిరిగి ఉంది.

లేపడం నాకు తెలుసు. లేపలేదు. అది రావాలి.

షావుకారు భార్య చేతిలో కర్పూరం పళ్లెం ఉంది, జోతి చీరకు అంటుకుంటుందని కూడా అలా అన్నాను. కర్పూరం అప్పుడు వెలిగించలేదు, నిజమే. వెలిగించబోతున్నారు.

అక్టోబర్ 7

చిన్నతాయికి ఎవరు చెప్పారో, మునియాండి భార్యే అయ్యుంటుంది. అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. అలా ఎప్పుడూ కూర్చోలేదు. "ఊరంతా అంటాదని నేను భయపడితి. నువ్వా అనింది?" అంది.

అన్నం తినలేదు.

అక్టోబర్ 8, బుధవారం

జరిగినది జరిగినట్టు రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

జోతి పెట్టెను ఆపింది. మీద దుమ్ము కొంగుతో తుడిచింది. షావుకారు భార్య గంధం, కుంకుమ, కర్పూరం ఉన్న పళ్లెంతో వచ్చింది. వెనక షావుకారు, మునియాండి, నేను. ఆవిడ ఏ ఆలోచనా లేకుండా పళ్లెం జోతి వైపే చాపింది. ఆ పెట్టె దానిదే కదా, అది పెట్టడమే సహజం. జోతి వేలు గంధంలో ముంచింది.

"జోతీ, నువ్వు రవ్వంత ఇవతలికి రామ్మా. అక్క పెడతాది." నా గొంతు.

ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదు. అనేవాళ్లనుకున్నవాళ్లు కూడా అనలేదు. నా జన్మంతా ఇలాంటివాటిని ఎగతాళి చేశాను. భర్త పోయిన మా మేనత్తను పెళ్లిపందిట్లో వెనక కూర్చోబెడితే, పెళ్లికొడుకు చెప్పులు దాచి మేనత్త అడిగితే తప్ప ఇవ్వనన్నాను. ఆ నోరే ఇది. ఎక్కడినుంచి వచ్చిందో చూసుకునే లోపే వచ్చేసింది, చీకట్లో కాలు దానంతటదే బ్రేకు తొక్కినట్టు.

జోతి ఇవతలికి వచ్చింది. గంధం వేలిమీదే ఉంది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. షావుకారు భార్య తడబడి, పెట్టెకు బొట్టు పెట్టింది. దాని మీద ఉన్న కంపెనీ పేరు అక్షరాల మీద పెట్టింది.

వాకిలి ఇరుకేమీ కాదు.

అక్టోబర్ 10, శుక్రవారం

జోతి మండీకి వచ్చింది. నేనెక్కిన రైల్లోనే, వేరే బోగీలో కూర్చుని. పెట్టె మీద ఎండిన గంధాన్ని గోటితో గీకలేదు, అలాగే ఉంచింది. టామ్‌క్యాట్‌ను ఒక్క లైనుతో లేపింది. మునియాండి అమ్మయ్య అన్నాడు.

తర్వాత చాలాసేపు ఏదో రాసింది. రాసి, కరెంటు తీసేయమంది. తీశాను. ఇవ్వమంది. ఇచ్చాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లైనక్సు లేచింది, దాని వెనకే టామ్‌క్యాట్ లేచింది, ముందుబల్ల మీద మునియాండికి ప్రోగ్రాం వచ్చింది. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు.

"ఇంక కరెంటు ఇస్తే సాలు. అదే లేస్తాది. ఎవురూ రానక్కర్లేదు," అని షావుకారుకు చెప్పింది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. షావుకారు తీసుకోలేదు. అది అక్కడే ఉంది.

అక్టోబర్ 19, ఆదివారం

జోతికి కోయంబత్తూరులో, స్నేహితురాలు ఇసక్కిసెల్వి పనిచేసే కాలేజీలో కంప్యూటర్ లాబు చూసుకునే ఉద్యోగం. ఇరవై ఎనిమిది లైనక్సు మిషన్లట. హాస్టలు ఉందట. దీపావళి అయ్యాక వెళ్లొచ్చు కదా అని నేనంటే చిన్నతాయి నన్ను చూసింది. సరేనన్నాను. దీపావళికి ముందే వెళ్లడం మంచిది. ఈ ఇంట్లో మళ్లీ ఏ పళ్లెం వస్తుందో, నా నోరు ఏమంటుందో.

అక్టోబర్ 21, మంగళవారం

బస్సెక్కించాను. కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. చెప్పాలనుకున్నది రాత్రంతా కూడబలుక్కున్నాను, గుంటూరు రోడ్డు మీద బోర్డులు కూడబలుక్కున్నట్టు. నోటికి వచ్చింది మాత్రం నీళ్లసీసా ఉందా అని.

జోతే మాట్లాడింది.

"నువ్వు అనినందుకు కాదు నైనా. ఆడ వాళ్లకెవురికీ గ్యాపకం రాలే. ఆయమ్మ పళ్లెం నాకే చాపింది. నాక్కూడా గ్యాపకం లేదు అప్పుడు." కిటికీ ఊచ పట్టుకుంది. "నీకే వొచ్చింది."

బస్సు కదిలింది. చెయ్యి ఊపింది. కోపంగా కాదు. కోపంగా ఊపి ఉంటే బాగుండేది.

నవంబర్ 3

కరెంటు తీశాను. ఇచ్చాను. లేచింది.

నవంబర్ 4

లేచింది.

నవంబర్ 17, సోమవారం

ఒక ఫైలు తెరిచి జావా ఇంటి అడ్రసున్న లైను చెరిపేస్తే చాలు. ఇక లేవదు. షావుకారు ఫోన్ చేస్తాడు. అది వస్తుంది, తప్పకుండా వస్తుంది, పని విషయంలో అదీ అల్లుడూ ఒకటే. ఫైలు తెరిచాను. లైను కనిపించింది. ఆ రోజు అది చెబితే నేను కొట్టినదే.

కొట్టింది చెరపడానికి చెయ్యి రాలేదు. మూసేశాను. మునియాండి, ఏమయ్యా అయ్యాసామీ, మళ్లీ పిల్లికి పాలా అన్నాడు. నేను తల వంచుకుని బస్తాలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. అతనే భయపడి టీ తెచ్చిచ్చాడు.

డిసెంబర్ 2

జోతి ఆదివారాలు చిన్నతాయితో ఫోన్లో మాట్లాడుతుంది. నన్ను పిలవమని అంటుంది. నేను వస్తే, బాగున్నావా నైనా అంటుంది. బాగున్నానంటాను. అంతే. వాకిట్లో నిలబడి చుట్టాలు మాట్లాడినట్టు.

డిసెంబర్ 10, బుధవారం

మధ్యాహ్నం విరుదునగర్ బస్టాండు పక్క ఎస్టీడీ బూతులోకి వెళ్లి లాబుకు ఫోన్ చేశాను. పెట్టె లేవడం లేదని చెప్పాను.

మండీలో అది లేచే ఉంది. పొద్దున్నుంచి బేరాలు ఎక్కుతూనే ఉన్నాయి.

జోతి గొంతు మారింది. నిజం గొంతు వచ్చింది, విసుగు, తొందర, అన్నీ. తెర మీద ఏం చూపిస్తాదని అడిగింది. ఏమీ చూపడం లేదన్నాను. కరెంటు ఇచ్చినారా. ఇచ్చినాం. తీగలు చూస్తివా. చూస్తిని. సరే, నువ్వు పెట్టె ముందరే ఉండావు కదా, నేను చెప్పేది కొట్టు అంది. సీ, డీ, ఒక సందు, గీత, యూ ఎస్ ఆర్. ఆఁ, కొట్టినా అన్నాను. గీత, లోకల్. కొట్టినా. మధ్యలో ఎవరికో, ఉండు మా నైనా అని చెప్పింది. మా నైనా అని.

అప్పుడు బూతు బయట ఒక కండక్టరు సాత్తూరు, కోవిల్‌పట్టి, కోవిల్‌పట్టి అని అరిచాడు. బస్సు హారను కొట్టింది.

ఆ వైపు మాట ఆగిపోయింది.

"నైనా," అంది. "మండీలో వెనకగదికి బస్సు సద్దు వినిపించదు."

నా జన్మలో ఏ అబద్ధానికైనా రెండో అబద్ధం నా దగ్గర సిద్ధంగా ఉండేది. రిసీవరు చెవికి నొక్కి పెట్టుకున్నాను. పెట్టేస్తుందనుకున్నాను. దాని ఊపిరి వినిపిస్తోంది. వెనక మిషన్ల ఫ్యాన్లు వినిపిస్తున్నాయి.

"సరే," అంది. "తర్వాతి లైను చెప్తా. మెల్లగా కొట్టు."

చెప్పింది. నేను బూతు అద్దం మీద వేలితో కొట్టాను. బిన్. గీత. ప్రతి అక్షరం. బయట నిలబడ్డవాడు పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు, చూడనీ.

"లేచిందా నైనా?"

"ఇంకా లేదమ్మా."

"పరవాలేదు. మొదట్నించి చెప్తా."